క్రుక్స్ కేసు: గుర్రాలసాల పక్క గదిలో ఒంటరితనం

నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌ని. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళకు కేసు రాయడం నేర్పేటప్పుడు ఆసుపత్రి ఫైలు ముందు పెట్టను. జాన్ స్టైన్‌బెక్ 1937లో రాసిన ‘ఆఫ్ మైస్ అండ్ మెన్’ అనే చిన్న నవల ఇస్తాను, ముఖ్యంగా నాలుగో అధ్యాయం. అందులో క్రుక్స్ అనే నల్లజాతి పనివాడున్నాడు. మనిషి కల్పితం కాబట్టి గోప్యత బాధ లేదు. ఊరు, వయసు, వృత్తి మార్చి రాయనక్కర్లేదు. గదిలో ఏ మేకుకు ఏం వేలాడుతోందో అందరం కలిసి దగ్గర్నుంచి చూడొచ్చు.

ఇంకో పెద్ద కారణం ఉంది. ఒంటరితనం అని వచ్చే కేసుల్లో, ఒంటరిగా ఉన్న మనిషి గురించి మా వృత్తిలో పేజీలకు పేజీలు రాస్తారు. ఆ మనిషిని ఒంటరిగా ఉంచినవాళ్ళ గురించి రాయడానికి ఫారంలో గడే ఉండదు. క్రుక్స్ కేసు చదివితే ఆ లేని గడి కళ్ళకు కొడుతుంది.

కింద ఉన్నది నేను ఆయనకు రాసిన పూర్తి కేసు.

మనిషి, చోటు

కాలిఫోర్నియాలో సలీనాస్ లోయ. సోలెడాడ్ ఊరి దగ్గర పెద్ద ర్యాంచ్, అంటే పంటలూ పశువులూ ఉన్న పొలం. 1930ల మాంద్యం రోజులు, బార్లీ బస్తాలు ఎత్తే పని. పెళ్ళాం, పిల్లలు, ఇల్లు లేని మగవాళ్ళు దుప్పటి చుట్ట భుజాన వేసుకుని ఒక ర్యాంచ్ నుంచి ఇంకో ర్యాంచ్‌కి తిరుగుతుంటారు. నెలకు 50 డాలర్లు, తిండి, పడుకోవడానికి ఓ మంచం. డబ్బు చేతిలో పడ్డ శనివారం ఊళ్ళోకెళ్ళి ఖర్చుపెట్టేస్తారు, మళ్ళీ మామూలే. స్టైన్‌బెక్ 1902లో పుట్టింది సలీనాస్‌లోనే. కుర్రతనంలో ఆ చుట్టుపక్కల పొలాల్లో ఇలాంటి కూలీల మధ్య పని చేసినవాడు కాబట్టి ఆ బతుకులో చిన్న చిన్న సంగతులు కూడా తప్పుపోలేదు.

క్రుక్స్ పని గుర్రాలసాల చూసుకోవడం, తెగిన జీనులూ తోలు పట్టెలూ కుట్టడం. గుర్రం తన్నడంతో వెన్ను వంకరపోయింది. ఒళ్ళు ఎడమవైపుకు ఒరిగి ఉంటుంది. ఆయన్ను పిలిచే పేరు ఆ వంకర వెన్ను వల్ల పడ్డదే అయ్యుండాలి. ఇంకో పేరు నవలలో రాలేదు. వయసు తెలియదు. పెళ్ళయిందా, పిల్లలున్నారా అన్న మాట లేదు. కొత్తవాళ్ళు ఈ గళ్ళను ఖాళీగా వదిలేసి ముందుకెళ్తారు. అక్కడ నేను ఆపుతాను. ఇన్నేళ్ళుగా ఉన్న మనిషిని ఆ ర్యాంచ్‌లో ఎవరూ ఇవి అడగలేదు. ఆ సంగతి గడిలో రాయాలి.

ఇంకో సంగతి కూడా మొదట్లోనే రాసిపెడతాను. ఈయన్ను ఎవరూ మా దగ్గరికి పంపలేదు. పని సరిగ్గా జరుగుతోంది, జీనులు కుట్టి ఉంటున్నాయి, గుర్రాలకు మందు పడుతోంది. యజమాని లెక్కలో సమస్యే లేదు.

గది

ఇల్లు చూడకుండా కేసు రాయొద్దని చెబుతుంటాను. క్రుక్స్ ఇల్లు గుర్రాలసాల గోడకు ఆనించి వేసిన చిన్న పాక. అదే జీను సామాన్ల గది. ఒకవైపు నాలుగు అద్దాల కిటికీ, ఇంకోవైపు సాలలోకి తెరుచుకునే ఇరుకు చెక్క తలుపు. మంచం అంటే గడ్డి నింపిన పొడుగాటి పెట్టె, దాని మీద దుప్పట్లు. గోడ మేకులకు బాగుచేయాల్సిన జీను సామాను. కిటికీ కింద బల్ల మీద వంపు కత్తులు, సూదులు, నార దారం ఉండలు. తారు కారుతున్న డబ్బా, అందులో బ్రష్షు. మందు సీసాలున్నాయి. కొన్ని ఆయనకు, కొన్ని గుర్రాలకు.

మనిషి మందూ పశువు మందూ ఒక్కచోట ఉండటం చూసి కొత్తవాళ్ళు జాలిపడతారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచింది ఆయన సొంత సామాను. మిగతా కూలీలకు మంచం పైన మేకు కొట్టిన ఆపిల్ పెట్టె ఒక్కటే అల్మారా. మూట కట్టి భుజాన వేసుకోగలిగినంతే వాళ్ళ ఆస్తి. క్రుక్స్‌కు కొన్ని జతల బూట్లున్నాయి, పెద్ద అలారం గడియారం ఉంది, ఒంటిగొట్టం తుపాకీ ఉంది, మేకుకు వేలాడే బంగారు అంచు కళ్ళజోడు ఉంది. చిరిగిన నిఘంటువు, పత్రికలు, 1905 నాటి కాలిఫోర్నియా సివిల్ కోడ్ పుస్తకం ఉన్నాయి. గది ఊడ్చి, శుభ్రంగా ఉంది. ఆ ర్యాంచ్‌లో వేళ్ళూనుకున్న కూలీ ఎవరంటే ఈయనే. అయినా ఆ ర్యాంచ్ మనుషుల్లో ఒకడిగా ఆయనకు లెక్క లేదు. అవిటితనం వల్ల ఎక్కడికీ పోలేకపోవడమూ, రంగు వల్ల దేనిలోకీ రానివ్వకపోవడమూ ఒక్క మనిషి మీదే పడ్డాయి.

ఆ చట్టం పుస్తకం దగ్గర నేను చాలాసేపు ఆగుతాను. కాలిఫోర్నియా 1897లో ఒక సమాన హక్కుల చట్టం చేసింది. హోటళ్ళు, భోజనశాలలు, మంగలి దుకాణాలు, స్నానశాలలు, నాటకశాలల వంటి చోట్ల పౌరులందరికీ సమానంగా ప్రవేశం ఉండాలన్నది దాని సారం. 1905లో దాన్ని సివిల్ కోడ్‌లో 51వ సెక్షన్‌గా చేర్చారు. అదే ఏడాది అదే కోడ్‌లో 60వ సెక్షన్‌ను సవరించారు. తెల్లవాళ్ళకూ నల్లవాళ్ళకూ మధ్య పెళ్ళి చెల్లదని అప్పటికే ఉంది. చైనా, జపాన్ వంటి దేశాల నుంచి వచ్చినవాళ్ళనూ అందులో కలిపారు. 1948లో రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసేదాకా ఆ నిషేధం నిలిచే ఉంది. ఒక చట్టం నువ్వు అందరితో సమానమంటుంది, దాని పక్క చట్టం కాదంటుంది. క్రుక్స్ ఏ పేజీ తిప్పేవాడో స్టైన్‌బెక్ చెప్పలేదు. పుస్తకం మాత్రం బాగా నలిగిపోయి ఉందని చెప్పాడు. మంగలి దుకాణం, స్నానశాల పేర్లు ఎత్తి రాసిన ఆ సెక్షన్‌లో కూలీల బస పేరు లేదు.

ఈ గది మీద కొత్తవాళ్ళు రాసే మాట దాదాపు ఒకటే ఉంటుంది: గర్వం ఎక్కువ, ఎవరినీ దగ్గరికి రానివ్వడు. ఆ మాటకు ఆధారం నవలలో ఉంది. తన దూరంలో తానుంటాడు, ఎదుటివాళ్ళనూ అంతే దూరంలో ఉండమంటాడు. కానీ తలుపు మూసే ఆ హక్కు ఆయనకు ఎలా వచ్చిందో అడగాలి కదా. బసలోకి నన్ను రానివ్వరు, నా గదిలోకి మీరు రావద్దు అని కొత్తగా వచ్చిన కూలీ లెన్నీతో చెప్పేది అదే. ఆయనకు ఇచ్చిన చోటు అదొక్కటే, దాని గడప మీద అధికారం ఒక్కటే ఆయనది. మర్యాద మిగలడానికి ఆయన వాడుకుంటున్న పనిముట్టును మనం లక్షణాల జాబితాలో వేస్తున్నాం.

చరిత్ర

దక్షిణాది నుంచి వలస వచ్చిన మనిషి కాదు. కాలిఫోర్నియాలోనే పుట్టాడు. తండ్రికి పదెకరాల కోళ్ళ ఫారం ఉండేది. అన్నదమ్ములున్నారు. తెల్లవాళ్ళ పిల్లలు ఆడుకోవడానికి వచ్చేవాళ్ళు, ఈయనా వాళ్ళ ఇళ్ళకు వెళ్ళేవాడు. కొందరు మంచివాళ్ళే. తండ్రికి మాత్రం అది నచ్చేది కాదు. ఎందుకు నచ్చలేదో పిల్లాడికి అప్పుడు అర్థం కాలేదు, చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

ఆ చుట్టుపక్కల మైళ్ళ దూరం వరకూ ఇంకో నల్లజాతి కుటుంబం లేదు. ఇప్పుడు ర్యాంచ్‌లో ఈయనొక్కడే, సోలెడాడ్‌లో ఇంకో కుటుంబం ఒక్కటే. 1930 జనగణనలో కాలిఫోర్నియా మొత్తంలో నల్లజాతివాళ్ళు 81 వేల చిల్లర, అంటే వందకు ఒకటిన్నర మంది కూడా లేరు. వాళ్ళలోనూ ఎక్కువ మంది లాస్ ఏంజెలెస్, ఓక్లండ్ వంటి నగరాల్లో ఉండేవాళ్ళు. దక్షిణాదిలో పత్తి చేలల్లో పని చేసే నల్లజాతి మనిషికి హింస ఎక్కువ, భయం ఎక్కువ. కానీ ఆదివారం వెళ్ళడానికి తనవాళ్ళ చర్చి ఉంటుంది, దుఃఖం చెప్పుకోవడానికి పక్కింటి మనిషి ఉంటాడు. క్రుక్స్‌కు అదీ లేదు. వెలి ఎంత నొప్పో చెప్పుకోవాలన్నా, అదే వెలిలో ఉన్న ఇంకో మనిషి కావాలి.

ర్యాంచ్ ఆయనతో ఎలా ఉంటుంది

దీనికి ఫారంలో గడి లేదు. నేను కాగితం అతికించి రాయిస్తాను.

యజమానికి కోపం వస్తే తిట్లు తినేది ఈయనే. ఈ సంగతి ముసలి కూలీ క్యాండీ, లెన్నీతో కలిసి కొత్తగా వచ్చిన జార్జ్‌కు మామూలు కబురులా చెబుతాడు. ఒక క్రిస్మస్ రాత్రి అందరికీ విస్కీ ఇచ్చారు, ఆ ఒక్క రాత్రి ఈయన్నూ బసలోకి రానిచ్చారు. వచ్చాక స్మిట్టీ అనేవాడు ఈయనతో కలబడ్డాడు. వెన్ను వంకర కదా అని, స్మిట్టీ కాళ్ళు వాడకూడదని మిగతావాళ్ళు నియమం పెట్టారు. క్యాండీ ఆ రాత్రిని తలుచుకుని మురిసిపోతూ చెబుతాడు. లోపలికి పిలిచింది పండక్కా, పోట్లాట చూడటానికా అన్నది నవలలో ఎవరికీ తోచని ప్రశ్న.

గుర్రపు నాడాలు విసిరే ఆటలో ఈయన్ను మించినవాడు లేడు. సాయంత్రాలు అందరూ ఈయనతోనే ఆడతారు, ఓడిపోతారు, మెచ్చుకుంటారు. చీకటి పడి ఆట ఆగిపోతే వాళ్ళు బసలోకి వెళ్ళి దీపం కింద పేకాటకు కూర్చుంటారు, ఈయన గుర్రాలసాలకు వెళ్తాడు. పేకాటకు ఎందుకు రానివ్వరంటే నల్లవాణ్ణి కాబట్టి, నేను కంపు కొడతానంటారు అని ఆయనే చెబుతాడు. ఆకాశం కింద ఆడినప్పుడు లేని కంపు కప్పు కింద ఎక్కడిది? బయట కలవనిచ్చి లోపలికి రానివ్వకపోవడం మన ఊళ్ళకు తెలియని పద్ధతి కాదు. చేలో పక్కపక్కన నాట్లు వేసి, టీ కొట్టు దగ్గర గ్లాసు వేరుగా పెట్టిన తెలుగు ఊళ్ళున్నాయి. అమెరికా జాతివివక్షా మన కులమూ ఒకటేనని నేను అనను. వాటి పుట్టుక వేరు, నిలబెట్టే నమ్మకాలు వేరు. కానీ కేసు రాసే మనిషి అడగాల్సిన ప్రశ్న రెండు చోట్లా ఉంది: ఈ మనిషికి ఏ గడప దాకా చోటిచ్చారు, ఆ గడప ఎవరు గీశారు?

డబ్బు సంగతి కూడా చూడాలి. క్యాండీకి ఇదే ర్యాంచ్‌లో చెయ్యి పోయింది. 250 డాలర్లు పరిహారం ఇచ్చి, ఊడ్చే పని ఇచ్చారు. జార్జ్, లెన్నీ కలిసి సొంత పొలం కొనుక్కోవాలని కలగంటుంటారు. ఆ కలలో క్యాండీకి వాటా దొరికింది ఆ డబ్బు వల్లే. పొలం ధర 600 డాలర్లు, అందులో సగానికి పైగా క్యాండీ తెస్తానంటాడు. క్రుక్స్‌కు గుర్రం తన్ని వెన్ను పోయింది. ఆ వెన్నుకు ఎంతిచ్చారన్న మాట నవలలో ఎక్కడా లేదు. అందుకే క్రుక్స్ కలలోకి వచ్చేటప్పుడు డబ్బుతో రాలేదు. తిండి పెడితే చాలు, కూలీ లేకుండా చాకిరీ చేస్తానన్నాడు. 1935లో అమెరికా తెచ్చిన రెండు పెద్ద చట్టాలు, సామాజిక భద్రత చట్టమూ కార్మిక సంఘాల హక్కుల చట్టమూ, పొలం కూలీలను బయటే ఉంచాయి. అంటే తెల్ల కూలీకి కూడా ఆ నీడ లేదు. ఆ నీడ లేనివాళ్ళలో మళ్ళీ ఒకణ్ణి సాలలోకి నెట్టారు.

శనివారం రాత్రి

అందరూ ఊళ్ళోకి వెళ్ళారు. మిగిలింది ముగ్గురు: బుద్ధి ఎదగని లెన్నీ, చెయ్యి పోయిన క్యాండీ, క్రుక్స్. క్రుక్స్ మంచం మీద కూర్చుని, చొక్కా పైకెత్తి, వీపుకు నొప్పి మందు రుద్దుకుంటున్నాడు. కుక్కపిల్లను చూడటానికి సాలకు వచ్చిన లెన్నీ వెలుగు చూసి గుమ్మంలో నిలబడి నవ్వాడు. క్రుక్స్ మొదట కసురుకున్నాడు. లెన్నీ నవ్వు చెదరలేదు. చివరికి కూర్చోమన్నాడు.

తర్వాత జరిగింది చదివి కొత్తవాళ్ళకు క్రుక్స్ మీద కోపం వస్తుంది. జార్జ్ తిరిగి రాకపోతే ఏం చేస్తావని లెన్నీని అడుగుతాడు. దెబ్బ తగిలితే, చచ్చిపోతే అని పొడుస్తాడు. నిన్ను పిచ్చాసుపత్రిలో వేస్తారు, కుక్కలా మెడకు పట్టీ కడతారు అంటాడు. లెన్నీ బెదిరిపోతుంటే క్రుక్స్ మొహంలో సంతోషం కనబడుతుంది. దీన్ని క్రూరత్వమనే రాయాలి, మెత్తబరచొద్దు. అదే ర్యాంచ్‌లో తనకన్నా కింద ఉన్నవాడు మొదటిసారి గదిలోకి వస్తే, పైనుంచి తనకు రోజూ వచ్చేది కిందికి పంపాడు. కానీ ఏ ప్రశ్నతో పొడిచాడో గమనించండి. నీకు ఎవరూ లేకపోతే ఎలా ఉంటుంది? అది ఆయన సొంత రోగవివరం. నా బాధ ఇదీ అని చెప్పుకోవడానికి ఆ మనిషికి భాష మిగల్లేదు కాబట్టి ఎదుటివాడిలో దాన్ని పుట్టించి చూపించాడు. లెన్నీ లేచి మీదికి వస్తుంటే వెంటనే వెనక్కి తగ్గి, జార్జ్ వస్తాడులే అని సముదాయించి, అప్పుడు అసలు మాట చెబుతాడు. పుస్తకాలు చదివి లాభం లేదు, మనిషికి మనిషి కావాలి, ఎవరూ లేకపోతే మతి పోతుంది, ఒంటరితనం మరీ ఎక్కువైతే జబ్బు చేస్తుంది.

అక్కడే ఇంకో మాట అంటాడు. రాత్రి ఒక్కణ్ణే కూర్చుని ఏదైనా చూస్తే, అది నిజమో కాదో తెలియదు. నీకూ కనబడిందా అని అడగడానికి పక్కన ఇంకొకడు లేడు. కలగన్నానో, నిజంగా చూశానో చెప్పలేను. నా వృత్తిలో ఒంటరితనం గురించి ఇంతకన్నా కచ్చితంగా చెప్పిన వర్ణన నాకు ఎదురుకాలేదు. హ్యారీ స్టాక్ సల్లివన్ అనే అమెరికా మానసిక వైద్యుడు, మన అనుభవాన్ని పక్కవాళ్ళతో సరిచూసుకోవడం వల్లే మనసు స్థిమితంగా ఉంటుందని చెప్పేవాడు. ఆ సరిచూసుకునే మనిషిని తీసేస్తే ఏమవుతుందో క్రుక్స్ చెప్పాడు. దీన్ని భ్రాంతి అని రాసిన ట్రైనీలున్నారు. భ్రాంతిలో మునిగిన మనిషి చాలాసార్లు తన చూపును అనుమానించడు. ఈయన అనుమానిస్తున్నాడు, సరిచూసుకోవాలనుకుంటున్నాడు.

తర్వాత క్యాండీ వచ్చాడు. ఇన్నేళ్ళలో ఈ గదిలోకి రావడం క్యాండీకి అదే మొదటిసారి. క్రుక్స్ తన సంతోషాన్ని కోపంతో కప్పుకోవడానికి చాలా కష్టపడ్డాడని స్టైన్‌బెక్ రాశాడు. పొలం సంగతి విని మొదట కొట్టిపారేశాడు. వందల మందిని చూశాను, ప్రతివాడి తలలో ఓ చెక్క పొలం ఉంటుంది, ఒక్కడికీ దక్కలేదు అన్నాడు. డబ్బు నిజంగానే పోగైందని తెలిశాక తటపటాయిస్తూ అడిగాడు: ఓ మనిషి సాయం కావాలంటే, ఊరికే పనిచేస్తాను.

వెన్ను నొప్పి, ఏళ్ళ వెలి, ఇంత అపనమ్మకం ఉన్న మనిషి ఆ మాట దాకా రావడానికి ఒక్క సాయంత్రం చాలింది. చేయాల్సిందల్లా ఇద్దరు వచ్చి కూర్చోవడం. చికిత్సకు లొంగని కేసు అనేవాళ్ళకు నేను ఈ పేజీ చూపిస్తాను.

బెదిరింపు

అప్పుడే యజమాని కొడుకు కర్లీ భార్య వచ్చింది. ఆమెకూ ఒంటరితనమే. నవలలో ఆమెకు సొంత పేరు కూడా లేదు. బలహీనులందరినీ ఇక్కడ వదిలి వెళ్ళారని తనే అంటుంది. క్రుక్స్ లేచి నిలబడి, నల్లవాడి గదిలోకి వచ్చే హక్కు మీకు లేదు, వెళ్ళిపోండి, లేకపోతే యజమానికి చెబుతాను అన్నాడు. గడప మీద తనకున్న ఆ ఒక్క అధికారమూ వాడి చూశాడు. ఆమె ఒక్క మాటతో దాన్ని తీసేసింది. నేను నోరు విప్పితే నిన్ను చెట్టుకు ఉరేయించడం ఎంత తేలికో తెలుసా అంది. క్రుక్స్ ముడుచుకుపోయాడు. స్వరం పోయింది, మనిషితనం పోయింది, ఇష్టాయిష్టాలు ఏవీ బయటికి కనబడకుండా గోడకు అతుక్కున్నట్టు ఉండిపోయాడు.

రిస్క్ అనే గడిలో ఇది నిజమైన ప్రాణాపాయమా అని రాయాలి. అవును. టస్కెగీ విద్యాసంస్థ ఉంచిన లెక్క ప్రకారం 1882 నుంచి 1968 దాకా అమెరికాలో గుంపు చేతిలో చనిపోయినవాళ్ళు 4,743 మంది, వాళ్ళలో 3,446 మంది నల్లజాతివాళ్ళు. ఇది దక్షిణాది సంగతి అనుకుంటే పొరపాటు. 1933 నవంబరులో సలీనాస్‌కు ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలోని శాన్ హోజేలో గుంపు జైలు బద్దలుకొట్టి ఇద్దరు ఖైదీలను పార్కులో ఉరేసింది. వాళ్ళు తెల్లవాళ్ళు. రాష్ట్ర గవర్నర్ ఆ గుంపును మెచ్చుకున్నాడు. తెల్లవాళ్ళకే విచారణ దక్కని చోట క్రుక్స్‌కు ఏం దక్కుతుంది? 1931లో అలబామాలో ఇద్దరు తెల్ల స్త్రీల ఆరోపణ మీద తొమ్మిది మంది నల్లజాతి కుర్రాళ్ళను పట్టుకుని, కొద్ది వారాల్లోనే ఎనిమిది మందికి మరణశిక్ష వేశారు. దేశమంతా ఆ వార్త చదివింది. పత్రికలు దాచుకునే క్రుక్స్ చదివి ఉండడని ఎలా అనుకుంటాం?

ఆమె వెళ్ళాక క్యాండీ, ఆమెకు అలా మాట్లాడే హక్కు లేదన్నాడు. మీరు వచ్చి కూర్చోవడంతో నేను మర్చిపోయాను, ఆమె అన్నది నిజమే అన్నాడు క్రుక్స్. జార్జ్ వచ్చి ఇద్దరినీ తీసుకెళ్తుంటే క్యాండీని వెనక్కి పిలిచి, ఇందాక పని చేస్తానన్నానే, ఊరికే అన్నాను, అలాంటి చోటికి నాకు రావాలని లేదు అన్నాడు. తర్వాత మళ్ళీ నొప్పి మందు.

రోగమా?

కొత్తవాళ్ళు ఇక్కడ మూడు పేర్లు తెస్తారు: వ్యక్తిత్వ లోపం, డిప్రెషన్, అనుమాన జబ్బు. డిప్రెషన్‌ను నేను వెంటనే కొట్టేయను. ఎడతెగని నొప్పితో బతికే మనిషిని నిద్ర గురించీ, చనిపోవాలన్న ఆలోచన గురించీ అడగాల్సిందే, గదిలో తుపాకీ ఉంది కాబట్టి ఇంకా అడగాలి. మిగతా రెండూ ఒప్పుకోను. 1851లో లూసియానాలో శామ్యూల్ కార్ట్‌రైట్ అనే వైద్యుడు, బానిసలు పారిపోవాలనుకోవడం ఒక మానసిక జబ్బని పేరు పెట్టి మరీ రాశాడు. మన వృత్తి ఆ దారిలో ఒకసారి నడిచింది. అణిచివేత పుట్టించిన ప్రవర్తనకు జబ్బు పేరు పెట్టే ముందు అది గుర్తుండాలి.

1973లో రాబర్ట్ వైస్ అనే సామాజిక శాస్త్రవేత్త ఒంటరితనాన్ని రెండుగా విడదీశాడు. మనసుకు దగ్గరి మనిషి ఒక్కరూ లేకపోవడం ఒకటి, చుట్టూ పదిమంది బృందం లేకపోవడం ఇంకొకటి. జార్జ్‌కు లెన్నీ ఉన్నాడు కాబట్టి మొదటిది లేదు, తక్కిన కూలీలకు పేకాట బల్ల ఉంది కాబట్టి రెండోది లేదు. క్రుక్స్‌కు రెండూ. షికాగో విశ్వవిద్యాలయంలో జాన్ కసియోపో బృందం చేసిన పరిశోధనల్లో, ఒంటరితనం ముదిరిన మనిషి ఎదుటివాళ్ళలో ప్రమాదాన్ని త్వరగా పసిగడతాడని, దాంతో ఇంకా దూరం జరుగుతాడని తేలింది. ఇది క్రుక్స్‌కు సగమే సరిపోతుంది. ఆయన పసిగట్టిన ప్రమాదం ఊహ కాదు. కర్లీ భార్య గుమ్మంలో నిలబడి తన నోటితోనే చెప్పింది. అనుమానాన్ని తగ్గించే చికిత్స ఈయనకు ఇస్తే, ఈయన్ను చంపించినవాళ్ళం అవుతాం.

మా ఫారంలో ‘సహకారం’ అనే గడి ఉంది. క్రుక్స్ మాట వెనక్కి తీసుకోవడాన్ని చాలామంది అక్కడ ‘ప్రేరణ లేదు’ అని రాస్తారు. నేను ఆ గడిలో ఇలా రాశాను: కోరిక ఉంది, చెప్పాడు. చెప్పిన గంటలోపే ప్రాణం తీస్తామన్న బెదిరింపు వచ్చింది. దాన్ని సరిగ్గా అంచనా వేసుకుని, అవమానం లేకుండా బయటపడే మాట ఎంచుకున్నాడు.

ఏం చేస్తాను

ముందు వెన్ను. అద్దంలో కూడా కనబడని చోట తన చేత్తో తానే మందు రుద్దుకుంటున్నాడు. డాక్టరుకు చూపించాలి, వీపుకు మందు రుద్దే మనిషి ఒకరు కావాలి. ఒంటరితనం గురించి మాట్లాడదాం రమ్మంటే ఈయన రాడు. నొప్పి గురించి అడిగితే చెబుతాడనుకుంటున్నాను.

రెండోది, గుర్రం తన్నిన దెబ్బకు పరిహారం. చట్టం పుస్తకం ఆయన దగ్గరే ఉంది, చదివే కళ్ళజోడూ ఉంది. ఆ కాగితాలు ఇద్దరం కలిసి రాయొచ్చు. డబ్బు వస్తుందా రాదా అన్నది వేరే సంగతి. తన వెన్నుకు ఒక వెల అడగడం ఆయన పేరు మీద రికార్డులోకి ఎక్కాలి.

మూడోది స్లిమ్‌తో మాట్లాడటం. కంచరగాడిదల జట్టు తోలే స్లిమ్ మాటకు ర్యాంచ్‌లో ఎదురులేదు, యజమాని కొడుకు కూడా తగ్గుతాడు. పేకాట బల్ల దగ్గర చోటు మార్చగలిగినవాడు ఉంటే అతనే. నవలలో అతను మర్యాదస్థుడు, క్రుక్స్ ఆటను మెచ్చుకున్నవాడు, కానీ పేకాట సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. ఒంటరితనం కేసులో నేను మొదట కూర్చోబెట్టి మాట్లాడాల్సింది ఇలాంటి మంచివాళ్ళతోనే.

పొలం దారి మాత్రం మూసుకుపోయింది. మర్నాడు ఆదివారం మధ్యాహ్నం లెన్నీ చేతిలో కర్లీ భార్య చనిపోయింది. నాడాల ఆట ఆపి అందరూ సాలలోకి పరుగెత్తారు. క్రుక్స్ వాళ్ళ వెనక, ఎవరి చూపూ పడని దూరంలో నిలబడ్డాడు. లెన్నీని వేటాడటానికి బయల్దేరుతూ, ఆ నల్లవాడి దగ్గర తుపాకీ ఉంది, తీసుకో అని కార్ల్‌సన్ అనే కూలీకి కర్లీ చెప్పాడు. క్రుక్స్‌ను ఎవరూ అడగలేదు. ముందు రాత్రి తన గదిలో కూర్చుని నవ్విన మనిషిని చంపడానికి ఆయన తుపాకీ కావలసి వచ్చింది.

రెండోసారి వెళ్ళినప్పుడు అడగడానికి రాసి పెట్టుకున్నవి: తుపాకీ తిరిగి ఇచ్చారా, ఎవరు తెచ్చారు, లోపలికి వచ్చే ముందు తలుపు తట్టారా.